చెవుల పిన్ని వదిలేసిన తప్పు

చెవుల పిన్నికి చెవులు పనిచేయడం లేదని రికార్డుల ఫ్యాక్టరీ తేల్చేసింది. వినే గదిలోంచి తీసేసి, అట్టలు మడిచే బల్ల దగ్గర పడేసింది. రిటైరయ్యేదాకా పదకొండేళ్లు మడిచింది. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఆవిడ అక్క కూతురికి ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకంటే పిన్నికి జన్మలో ఉన్న ఒకే ఒక్క జబ్బు, మరీ ఎక్కువ వినపడటం.

అంతకుముందు ఆవిడ ఉద్యోగం వినడమే. అచ్చయిన ప్రతి వంద రికార్డుల్లో ఒకటి తీసి, నిలబడి, కళ్లు మూసుకుని ఆసాంతం వినాలి. ఎక్కడైనా చిటుక్కుమంటే "తప్పుంది" అని కాగితం మీద రాయాలి. ఆ ఉద్యోగం ఆవిడతోపాటు ఇంటికొచ్చేసింది.

బాబాయి గురకపెడితే తట్టి లేపేది. "గీత పడిందండీ. ఒకేచోట తిరుగుతున్నారు, పక్కకి తిరగండి."

"నిద్రలో కూడా నన్ను పరీక్షిస్తావుటే!" అని ఆయన మొత్తుకునేవాడు.

చెవులు చూపించుకు రమ్మని ఫ్యాక్టరీ పంపితే డాక్టరుకే చీటీ రాసినంత పని చేసింది. "మీ కుర్చీ ఎడమ వెనక కాలు వదులైంది డాక్టరుగారూ. రేపో మాపో పడతారు." మర్నాడే పడ్డాడు. అయినా ఫ్యాక్టరీ వాళ్ల నిర్ణయం మారలేదు.

మొన్న ఆ అక్క కూతురమ్మాయి ఒక పెట్టె కొనుక్కొచ్చింది. ఆ ఫ్యాక్టరీలో అచ్చయిన పాత పాటలే. ఈమధ్య చనిపోయిన ఒక జాజ్ గాయని పాడిన ఆరు ఆల్బమ్‌లు, కంపెనీ పాత చప్పుళ్లన్నీ తీసి శుభ్రం చేసి కొత్తగా వేసింది. బాబాయి లేని ఇంట్లో పిన్ని చెవులకి పనే లేకుండా పోయిందని అమ్మాయి బెంగ.

పిన్ని లేచి నిలబడింది. కళ్లు మూసుకుంది. "ముందు నీ గాజులు తీసెయ్."

మూడు రికార్డులు ఏ తప్పూ లేకుండా దాటాయి. నాలుగో దాంట్లో నెమ్మదిగా సాగే పాట ఒకటుంది. ఆఖరి చరణం అయ్యేసరికి పిన్ని చెయ్యెత్తింది.

"ఆపు. తప్పుంది."

"నాకేం వినపడలేదే!"

"అదేనే తప్పు. అక్కడొకటి వినపడాలి."

పిన్ని ముల్లు తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది, "ఆ చరణంలో ఆవిడ ఏడుపు దిగమింగింది. చిన్న వెక్కు. స్టూడియో మా ఆవరణలోనే కదా, ఆ పొద్దున కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ కనబడింది. వాళ్లమ్మ పోయి నాలుగు రోజులు. రికార్డింగు తేదీ మార్చమంటే కుదరదన్నారట. నేను తప్పుందని రాస్తే పిలిచి మళ్లీ పాడిస్తారు. అందుకని బాగుందని రాశా."

"మరి ఎలా పట్టుబడ్డావు?"

"ఎవరో రికార్డు కొన్నాయన ఉత్తరం రాశాడు, దాంట్లో లోపముందని. ఒక్క ఉత్తరం! మేనేజరు నన్ను నిలబెట్టి, 'ఇది నీకు వినపడలేదా?' అన్నాడు. వినపడిందంటే ఎందుకు వదిలావంటాడు. ఎందుకో చెప్తే ఆవిడ ఏడుపు నలుగురి నోళ్లలో నానుతుంది. వినపడలేదు సార్ అన్నా."

అమ్మాయి పిన్ని చెయ్యి పట్టుకుంది. "పదకొండేళ్లు పిన్నీ... చెవిటిదన్నారు నిన్ను."

"అనేవాళ్లు. నాకు వినపడేది," అంది పిన్ని నవ్వుతూ. నవ్వు సగంలో ఆగింది. "ఇప్పుడు ఆవిడా లేదు, చెప్పొచ్చు. ఆరు రికార్డుల్లో వాళ్లమ్మకి మిగిలిన చోటు అదొక్కటేనే. దాన్ని మురికి అనుకుని తుడిచేశారు."

ఆ సాయంత్రమే కంపెనీకి ఉత్తరం రాశారు. పిన్ని చెబుతుంటే అమ్మాయి రాసింది. మధ్యలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఒకసారి ఏడుపొచ్చి, ఒకసారి పెన్ను గీరుకుంటోందని పిన్ని మార్పించి.

జవాబు రాలేదు. ఇద్దరాడవాళ్ల మాట ఏ కంపెనీకి వినపడుతుంది? అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాం. ఆ రోజున ఒక్క ఉత్తరం ఒక మనిషిని చెవిటిదాన్ని చేసింది. మీరు తలా ఒకటి రాయండి. కంపెనీ చిరునామా ఆ రికార్డుల పెట్టె అడుగున ఉంది. రెండు ముక్కలు చాలు: ఆ వెక్కుని ఉన్నచోట ఉంచండి, అది విని వదిలినావిడ పేరు అట్ట మీద వేయండి.

కాగితం మాత్రం మెల్లగా మడవండి. ఆవిడకి వినపడుతుంది.