చుక్కమ్మ చూసిన అంకె

నీటి శాఖ పరీక్షాశాలలో ఆమెను అందరూ చుక్కమ్మ అనేవారు. అగ్గిపెట్టెంత పరికరంలో సన్నని పట్టీ దూర్చి, దాని కొసన ఒక్క నీటిచుక్క వేసి, ఊపిరి బిగబట్టి చూసేది. పట్టీ మీద పూసిన జీవపదార్థం నీళ్ళలో కలిసిన సీసం లోహాన్ని పట్టుకుంటే అందులో పారే కరెంటు మారుతుంది. ఎంత సీసం ఉందో తెరమీద అంకె పడుతుంది.

"పదహారేళ్ళు సీసాలు కడిగాను. సీసాలు పోయి సీసం మిగిలింది నాకు," అని నవ్వేది.

పరికరం వచ్చిన నెలలోనే చెల్లెలి వీధికి వెళ్ళింది. ఆ వీధి వెనకాల పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు ఉంది. మరిది పనిచేసేది అందులోనే. చెల్లెలి పెరట్లోని బోరునీళ్ళు చుక్క వేసింది. పది దాటకూడని అంకె నూట నలభై చూపింది. పట్టీ పాడయిందేమోనని ఇంకొకటి తీసింది. ఆ తర్వాత మరొకటి. నాలుగోదీ అదే అంకె చూపింది.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావు?"

"ఈ నీళ్ళు తాగకండే. పాపకి అసలు పట్టకు."

చెల్లెలు చేతిలో బిందె దించింది. "రెండేళ్ళ కింద నువ్వే కదక్కా చూసింది? కొబ్బరినీళ్ళలా ఉన్నాయి, నిక్షేపంగా తాగండి అన్నావు."

అన్నమాట నిజమే. అప్పుడు ఆమె దగ్గర ఉప్పు, సున్నం చూసే మందులే ఉండేవి. నీళ్ళలో కలిసిన సీసానికి రంగు లేదు, రుచి లేదు. నాలుగేళ్ళ పాప వచ్చిన మాటలు కూడా మర్చిపోతూ ఉంటే, నిదానంగా వస్తాయిలే అని ఇంట్లో సరిపెట్టుకున్నారు.

ఆఫీసులో చెబితే అధికారి కొట్టిపారేశాడు. "అగ్గిపెట్టె చెప్పిందని షెడ్డు మూయించమంటావా?"

ఆమె పట్టు విడవలేదు. ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. పెద్ద ల్యాబుకు నీళ్ళు తనే మోసుకెళ్ళింది. అంకె అబద్ధం కాదని తేలడానికి ఐదు నెలలు పట్టింది. షెడ్డుకు తాళం పడింది. మరిది పని పోయింది.

నేలలోకి దిగిన సీసం మాత్రం ఎక్కడికీ పోలేదు. పాపను చూసిన డాక్టరు, "ఒంట్లోది కొంత మందులతో దించుతాం. మెదడుకు జరిగింది వెనక్కి రాదమ్మా," అన్నాడు.

చెల్లెలు ఏడవలేదు. ఆసుపత్రి వరండాలో పాప జుట్టు సర్దుతూ, "ఇంక మా ఇంటికి రాకక్కా. నిన్ను చూస్తే నిక్షేపంగా తాగండి అన్న ఆ మాటే గుర్తొస్తోంది," అంది.

చెల్లెలి మాట చుక్కమ్మ దాటలేదు. ప్రతినెలా ఆ వీధి బోర్లు చూడాలి గనక వెళుతుంది. చెల్లెలి ఇల్లు వచ్చేసరికి తోటి ఉద్యోగినిని లోపలికి పంపి, తాను గోడ పక్కన నిలబడుతుంది. మూడేళ్ళయింది. పోయిన నెల వెళితే అంకె నూట ముప్ఫై ఆరు. ఏడేళ్ళ పాప లోపల ఒకే శబ్దం పదేపదే చేస్తోంది. ఎవరినైనా పిలుస్తోందో, ఏమైనా అడుగుతోందో తెలియలేదు. ఆమె అంకె రాసుకుని పక్కింటికి నడిచింది.