మామగారి పట్టుదారం, నా గాలిపటం

ఇది చదివాక నా మీద మీకున్న గౌరవం మిగలదు. మా ఇంట్లో అది ఏనాడో పోయింది కాబట్టి మీ దగ్గర దాచుకుని నేను బావుకునేదేమీ లేదు.

నిరుడు ఆషాఢంలో ఒక ఆదివారం, ఎనిమిదేళ్ళ మా పాప హాసినిని తీసుకుని హిందూపురం నుంచి ధర్మవరం బయలుదేరాను. అక్కడ మా మామగారిది మగ్గం ఇల్లు. రైలెక్కగానే పాప ఫోను అడిగింది. ఇవ్వడం ఇష్టంలేక, చిన్నప్పుడు నేను గాలిపటాలు ఎగరేసిన కథ ఎత్తుకున్నాను. రైలు హిందూపురంలో కదిలినప్పుడు నా గాలిపటం మా మిద్దె మీదే ఉంది. పెనుకొండ వచ్చేసరికి కొండ మీది కోటను దాటేసింది. ధర్మవరంలో దిగేసరికి విమానం నడిపే ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"అట్లయితే ఈ పొద్దు ఎగరేసి చూపించు నాయనా" అంది పాప.

కథ చెప్పేవాడికి ఇలాంటి గండం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కాగితం, పుల్లలు, మైదా బంక దొరికాయి. దారం కోసం వెళ్తే అంగడి మూసి ఉంది. మామగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. పాప గాలిపటం పట్టుకుని గడపలో నిలబడి నన్నే చూస్తోంది. అప్పుడు మగ్గం పక్క గూట్లో, గొట్టానికి చుట్టిన ఎర్ర పట్టుదారం కనిపించింది. మగ్గం మీది చీర దాదాపు అయిపోయింది, కొంగు మాత్రమే మిగిలింది. కాబట్టి ఇది మిగిలిపోయిన దారమే అని తేల్చేశాను. ఆ ఇంటికి పదేళ్ళుగా అల్లుణ్ణి. కొంగును కూడా దారంతోనే నేస్తారన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మిద్దె ఎక్కాం. నమ్ముతారో లేదో, గాలిపటం లేచింది. ఆషాఢం గాలికి ఎవరు వదిలినా లేస్తుందనుకోండి, అది వేరే సంగతి. "నువ్వు చెప్పిందంతా నిజమే నాయనా" అని పాప నా నడుము పట్టుకుంది. పెళ్ళిపీటల మీద కూడా నాకంత సంతోషం కలగలేదు.

పక్క మిద్దె మీద ఒక అవ్వ ఆరిన బట్టలు తీస్తోంది. మరో ఊళ్ళో అయితే గాలిపటాన్ని చూస్తారు. ధర్మవరంలో దారాన్ని చూస్తారు.

"ఏమప్పా, అది పెండ్లిచీర కొంగుకని మీ మామ రంగు అద్దించిన దారం గదా" అంది అవ్వ. "శ్రావణంలోనే పెండ్లి. మళ్ళా అద్దించినా అదే రంగు రాదప్పా."

నా చేతులు వణికాయి, దారం తెగింది. గాలిపటం దాని దారిన అది పోయింది. దారం మాత్రం ఏడు మిద్దెల మీద, రెండు డిష్ గొడుగుల మీద, ఒక మునగచెట్టు మీద తీరుబడిగా వాలింది.

వీధి వీధంతా బయటికి వచ్చింది. ఎవరూ తిట్టలేదు, తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. తలా ఒక మిద్దె ఎక్కి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు దారం ఎత్తసాగారు. నేను గోడలు దూకుతూ తెగిన కొస వెంట పరుగెత్తాను. మామగారు లేచి వచ్చి, అరుగు మీద చిక్కులు విప్పడానికి కూర్చున్నారు. పాప ఆయన పక్కన చేరి, తన చిన్నచిన్న వేళ్ళతో నాకంటే బాగా విప్పింది.

పొద్దు వాలేసరికి దారమంతా మళ్ళీ గొట్టం మీదికి చేరింది. మామగారు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"కొంగుకు సరిపోతాది" అన్నారు.

"తప్పయిపాయ మామా" అన్నాను.

"పోనీలేప్పా. బిడ్డ ముందర ఎగిరింది గదా, అది చాలు."

ఆయన అంత మాటన్నాక నా కళ్ళు చెమర్చాయి. కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది. పాప నా చెవి దగ్గరికి వచ్చింది.

"నాయనా, నిజం చెప్పు. చిన్నప్పుడు ఎగరేసింది నువ్వేనా?"

"ఎందుకట్ల అడుగుతాండావు?"

"ఎగరేసేటప్పుడు నీ చేతులు వణికె. తెగినాక మాత్రం ఎంత బాగా పరిగెత్తినావో."

దొరికిపోయాను. ఎగరేసింది మా అన్న. తెగిన గాలిపటాల వెనక హిందూపురం సందులన్నీ పరిగెత్తింది నేను. నాకు ప్రాణమైన ఆట అదే.

అందుచేత అందరి ముందూ ఒట్టు పెట్టుకుంటున్నాను. మామగారింట్లో దారం అన్న దేన్నీ, నా మొలతాడుతో సహా, ఆయన్ని అడగకుండా ముట్టను. రైల్లో పాపకు గొప్పలు చెప్పను. మరీ తప్పకపోతే, పెనుకొండ దాకా మాత్రమే చెబుతాను.