తంతి ఆఫీసు తడిగోడ

మొన్న నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి పుస్తకాలు కుట్టడానికి వచ్చినాయన పురుగు పట్టకుండా పిండి జిగురులో మైలుతుత్తం కలుపుతుంటే, ఆ నీలిరంగు, రాగిచెంబు తోమినప్పటి వాసన నన్ను ముప్పై ఏళ్ల వెనక్కి, నరసాపురంలో మా నాన్నగారు పనిచేసిన తంతి ఆఫీసులోకి లాక్కుపోయాయి.

ముందుగది ఆఫీసు, వెనక రెండు గదులూ మా కాపురం. ముందుగది అలమరలో వరసగా గాజు జాడీలు, వాటిలో తుత్తం కలిపిన నీలినీళ్లు, రాగి రేకులు. ఆ జాడీలన్నీ కలిపి బేటరీ. దాని బలంతోనే బల్లమీది ఇత్తడి యంత్రం టకటకమంటూ ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పంపే మాటలు పలికేది. గోదాట్లో ఎర్రనీళ్లు తిరిగి, వీధి వీధంతా పులస పులుసు ఘుమఘుమలాడే ఆ రోజుల్లో, పైన వరద ఎంత పెరిగిందో ఆ టకటకలే చెప్పాలి. అవి విన్నాకే ఏటి మధ్య లంకల్లోవాళ్లు పశువుల్ని గట్టుకెక్కించేవారు.

ఆ ఏడు సరిగ్గా అప్పుడే బేటరీ నీరసించసాగింది. ఇవాళ జాడీలు నింపితే రేపటికి యంత్రం మూగపోయేది. సరిగ్గా చూసుకోవడం లేదంటూ పై అధికారుల నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మూడోది వస్తే ఉద్యోగం ఉండదు. ఎప్పుడూ కూనిరాగాలు తీసే నాన్నగారు అన్నం కెలికి లేచిపోయేవారు.

ఒక మధ్యాహ్నం, జోరువానలో, "జాడీల తప్పు కాదే. ఎవరూ మీట నొక్కకుండానే బలం ఎటో కారిపోతోంది," అన్నారు అమ్మతో. బేటరీ తీగ విప్పి మధ్యలో ముల్లుపెట్టె తగిలించారు. అద్దం కింద సన్నటి ముల్లు. తీగల్లో ఏమీ పారనప్పుడు నిటారుగా ఉండాలి. అది పక్కకు ఒరిగి ఉంది. గాలి లేదు, చెయ్యి తగల్లేదు, అయినా కనబడని వేలేదో దాన్ని అదిమిపట్టింది. ప్రార్థనలో ఉన్నట్టు ఊపిరి బిగబట్టాను.

"కన్నార్పకుండా చూడమ్మా. లేస్తే చెప్పు," అన్నారు నాతో.

ఒక్కొక్క తీగే విప్పుతూ వచ్చారు. మీట తీగ విప్పినా కదల్లేదు. యంత్రం తీగ విప్పినా కదల్లేదు. చివరికి, ఎన్నడో తీసేసిన గంట కోసం గోడ సున్నంలోంచి వెనక వసారాకు వేసిన పాత తీగ ఒకటి మిగిలింది. అది విప్పగానే ముల్లు మెల్లగా లేచి నిలబడింది.

"లేచింది నాన్నా."

వసారాలో ఆ గోడకే అమ్మ వానలకు ముందు ఇనప మేకు కొట్టి, తను అల్లిన లేసు ఉతికి ఆరేసుకునేది. నాన్నగారు మేకు పీకితే దాని మొనకు రాగి మెరుపు అంటి ఉంది. లోపలి తీగ పూతను అది చీల్చింది, నానిన గోడ మిగతా పని చేసింది.

అమ్మ ముఖం పాలిపోయింది. "నేనే కొట్టానండి."

నాన్నగారు గోడకు అరచెయ్యి ఆనించారు. "నాకే తెలీలేదు, నీకేం తెలుస్తుంది? నెల్లాళ్లుగా మన పక్కనుంచే, చప్పుడైనా లేకుండా, భూమిలోకి పోతోందే."

అమ్మా నేనూ కూడా చేతులు ఆనించాం. చల్లగా ఉంది, అంతే.

మూడోనాటి పొద్దున యంత్రం ఆగకుండా పలికింది. వరద ముంచుకొస్తోందని దండోరా వేయించారు. సాయంత్రానికి లంకల్లోని పశువులన్నీ గట్టెక్కాయి. తెల్లారేసరికి అక్కడ ఎర్రనీళ్లు తప్ప ఏమీ లేదు. మూడో కాగితం రాలేదు.

ఆ ఇంటిని తర్వాతి వరదల్లో గోదావరి కోసుకుపోయింది. అమ్మానాన్నలూ లేరు. కొత్త ఆఫీసులో కిటికీ దాటి ఎవర్నీ లోపలికి రానివ్వరు. వరదొస్తోందని తంతి వచ్చిందంటే జనం తలూపి పనుల్లో పడతారు. అంత దూరం నుంచి ఆ మాట ఎలా వచ్చిందని పిల్లలు కూడా అడగడం లేదు.