అరసవల్లిలో మా డ్రయ్యరు

మా రాజీ వదిన నిన్నటి నుంచి నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి నవ్వేస్తోంది. అమ్మయితే ఫోన్లో ఎవరు పలకరించినా ముందు నా సంగతే మొదలెడుతోంది. వాళ్లు దానికి ఉప్పూ కారం దట్టించేలోపు నేనే చెప్పేస్తే పోలా!

మాది అరసవల్లి. సూర్యనారాయణమూర్తి గుడికి కూతవేటు దూరం. అలాంటి ఊళ్లో బట్టలారబెట్టుకోడానికి కరెంటు మిషను పెట్టుకున్న ఇల్లు, నాకు తెలిసి, మాదొక్కటే. అన్నయ్య విశాఖలో అద్దెకుండే ఇంటి ఓనరు గారు ఇల్లు మారుతూ పాత డ్రయ్యరు ఇచ్చేస్తానంటే, మోజుపడి తెప్పించింది నేనే. అది ఆటో దిగిన రోజు అమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"సాచ్చాత్తూ సూర్యుడు పక్కనుంటే గుడ్డలారబెట్టడానికి మిషనేటే? ఆయనేటనుకుంతాడు?"

"ఆయనకి వానాకాలం సెలవులమ్మా!" అన్నాను.

నేను ఏదీ ఎవరి దగ్గరా నేర్చుకున్నదాన్ని కాదు. టైలరింగు కూడా ఫోన్లో వీడియోలు చూసి, అమ్మ పాత చీరల మీద కత్తెరాడించి నేర్చుకున్నదే. ఆ ధైర్యంతోనే మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె అన్నీ విప్పేస్తాను. చాలావరకు మళ్లీ బిగిస్తాను కూడా. ఇక కవర్లంటారా, మా ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద గుడ్డ లేకుండా తిరగదు. ఫ్రిజ్జు నెత్తిన లేసు, మిక్సీకి ముసుగు, టీవీ రిమోటుకి జుబ్బా! మరి డ్రయ్యరొక్కటే ఏం పాపం చేసింది? పోయిన వారమంతా కూర్చుని దానికీ కుట్టాను. నీలం మీద తెల్లపూలు, మధ్యలో పల్చటి స్పాంజి, కింద చుట్టూ కుచ్చులు. మిషను తిరుగుతున్నప్పుడు కూడా తియ్యక్కర్లేకుండా తలుపు దగ్గరొక కిటికీ, మీటల దగ్గరొక కిటికీ. వెనకాల ఏవో సన్నటి కంతలున్నాయి. బల్లులు దూరతాయని అటువైపు మొత్తం మూసి పారేశాను.

ఈ కళాపోషణలో పడి వదిన యూనిఫాం రెండో జత వెనకపడిపోయింది. వదిన ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా కొత్తగా చేరుతోంది. "ముందు నాది కుట్టీవే," అని బతిమాలింది పాపం. "మొదటిరోజు ఒక్క జతతో గడిచిపోద్దిలే వదినా," అన్నాను.

ఆ మొదటిరోజు నిన్న. మధ్యాహ్నం డ్యూటీ. కొత్తగుడ్డ గంజి వాసన పోవాలని ఆ ఒక్క జతా ఉతికి, మొన్న సాయంత్రం చూరు కింద ఆరేసిందట. వాన ఏటవాలుగా కొట్టింది. పొద్దున్న చూస్తే పిండుకున్నకొద్దీ నీళ్లు!

"కంగారు పడకు, మన మిషనుందిగా!" అని ఠీవిగా లోపల పడేసి బటన్ నొక్కాను. గిర్రున తిరిగింది. మొదట్లో కాస్త వెచ్చబడినట్టే ఉంది. కాసేపాగి చెయ్యి పెడితే యూనిఫాం తాటిముంజెలా చల్లగా ఉంది.

మిషను తప్పు కాదు, మనుషుల తప్పే అని తేల్చేశాను.

"నాన్నా, నీళ్ల మోటారేశావా? ఓల్టేజీ పడిపోయింది!"

"నానేటీ ఎయ్యనేదు తల్లీ."

"అయితే అమ్మ సబ్బుపొడే, అంతా జిగురు. వదినా, నువ్వు గట్టిగా పిండలేదు కదూ?"

"నాను నర్సునే, పైల్మాన్ని కాదు!"

ప్లగ్గు పీకాను. కవరు నలక్కుండా తీసి, మడతపెట్టి మంచం మీద పడుకోబెట్టాను. మిషను లోపలి జల్లెడలో పేరుకున్న బట్టల నూగు దులిపాను. వెనక రేకు విప్పి బ్రష్షుతో దుమ్ము కొట్టి, మళ్లీ బిగించి ఆన్ చేశాను. వేడిగాలి! అమ్మ కూడా వచ్చి చెయ్యి పెట్టి, "నిజిమే," అంది.

"దుమ్మమ్మా. అంతా దుమ్మే," అన్నాను పెద్ద డాక్టర్లాగ. మిషనుకి గౌను తొడిగి, కుచ్చులు సర్ది, ఫొటో తీసి స్టేటస్ పెట్టాను: 'ఇంట్లోనే రిపేరు. మెకానిక్కులూ, జాగ్రత్త!'

లైకులు వస్తున్నాయి. వేడి పోయింది.

మళ్లీ ప్లగ్గు పీకడం, గౌను విప్పడం, రేకు తియ్యడం. ఈసారి వైర్లు గట్టిగా నొక్కాను. వేడొచ్చింది! గౌను తొడిగాను. పోయింది!

వదిన నైటీలో, దువ్వెన జుట్టులోనే వదిలేసి నిలబడింది. "ఆటోవోడు వొచ్చీ వేళయింది. మొదటిరోజే తడిగుడ్డల్తో ఎల్తే నన్నే మంచమెక్కించి సెలైను ఎట్టీస్తారే!"

"కాయిల్ కాలిపోయింది వదినా. విశాఖ నుంచి తెప్పించాలి," అన్నాను, చెమట తుడుచుకుంటూ.

"ఒక మాట సెప్తాను, కోప్పడకు. గౌను ఇప్పితే వేడొస్తంది. తొడిగితే పోతంది. రెండుసార్లూ సూసినాను."

వెనక్కెళ్లి చూశాను. నేను బల్లుల కోసం మూసిన ఆ కంతల్లోంచే మిషను గాలి పీల్చుకుంటుంది. గాలాడకపోతే లోపల వేడి మితిమీరి, దానికదే కాయిల్ ఆపేసుకుంటుంది, ఇల్లు తగలబడకుండా. కాస్త చల్లారితే మళ్లీ మొదలెడుతుంది. పాపం అది బుద్ధిగానే ఉంది!

వదినకి అర్థమైపోయింది. "పేసెంటు ముక్కు మూసీసి, రోగమెక్కడుందో అని కడుపు కోసి ఎతుకుతన్నావేటే!"

గౌను లేకుండా సిగ్గుగా నిలబడ్డ డ్రయ్యరు, జేబులూ బొందూ తప్ప అంతా ఆరబెట్టేసింది. వదిన గబగబా తొడుక్కుని ఆటో ఎక్కింది. ఎక్కి ఊరుకుందా? వీధంతా వినేలా అరిచింది: "ఆ కుచ్చులు కుట్టిన టయానికి నాకు రెండు జతలొచ్చీసును!"

అమ్మ గుమ్మంలోకొచ్చి గుడి వైపు చూసింది. నల్లటి మబ్బు, స్పాంజి పెట్టినట్టు దళసరిగా సూర్యుణ్ని కప్పేసి ఉంది.

"ఒసే, నిజిం సెప్పు. ఆయనకి ఆ గౌను కుట్టింది కూడా నువ్వేనేటి?"

తలెత్తి చూశాను. అంచుల చుట్టూ కుచ్చులు వేలాడుతున్నాయి. నాకూ అనుమానమొచ్చింది.