మూడు దగ్గరగా, ఒకటి దూరంగా

ఆ అద్దకం మిల్లులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. గేటు కాపలాదారు నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె పువ్వులక్క. ఇరవై రెండేళ్ళుగా ఆ మిల్లు దుప్పట్ల మీద, కర్టెన్ల మీద పడిన పువ్వులన్నీ ఆమె చేతి నుంచి వచ్చినవే. మూరెడు చదరంలో ఆమె బొమ్మ గీస్తే, అదే చదరం గుడ్డ పొడవునా మళ్ళీ మళ్ళీ అచ్చు పడేది. చదరానికీ చదరానికీ మధ్య అతుకు ఎక్కడుందో కొన్నవాళ్ళు ఎంత వెతికినా దొరికేది కాదు.

పువ్వులు ఆమెకు గాల్లోంచి రాలేదు. ఏటా వేసవి సెలవుల్లో అన్నయ్యతో కలిసి ఊళ్ళు పట్టుకు తిరిగేది. అన్నయ్య స్కూల్లో సంగీతం టీచరు. చొక్కా జేబులో మౌత్ ఆర్గాన్ లేనిదే గడప దాటేవాడు కాదు. ఏ కొండ అంచునో, ఏ వంతెన మీదో ఆయన కూర్చుని వాయిస్తుంటే ఆమె పక్కన కూర్చుని నోటుపుస్తకంలో గీసుకునేది. ఒక జలపాతం దగ్గర రాతికి పట్టిన నాచు చూసి చేసిన ఆకుపచ్చ దుప్పటి మిల్లులో ఆరేళ్ళు ఆగకుండా నడిచింది. ఒక ప్రదర్శనలో చూసిన మట్టికుండ మెరుపు ఒక కర్టెన్ మీద పువ్వుల వెనక పరుచుకున్న రంగయ్యింది. రైలు కిటికీలోంచి కనపడ్డ తీగల మీది పిట్టలు పిల్లల దిండుగలీబుల మీదకెక్కాయి. "నీ కళ్ళు జల్లెడలే! నేను చూసి వదిలేసినవన్నీ నువ్వు పట్టుకుంటావు," అనేవాడు అన్నయ్య.

పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఆమె పని మాట చెప్పి తప్పించుకుంది. అన్నావదినల ఇంట్లోనే మేడ మీది గది ఆమెది. వదిన ఒక్కసారి కూడా వాళ్ళతో తిరగడానికి వెళ్ళలేదు. "మీరిద్దరూ రాయిని చూసి గంట కూర్చుంటారు. నాకు అంత ఓపిక లేదమ్మా," అని నవ్వేసేది.

ఒక మధ్యాహ్నం స్కూల్లో అన్నయ్య కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. ఆయనకు యాభై నాలుగు.

పువ్వులక్క ఏడవలేదు. ఏడుపును దిగమింగుకోవడమూ కాదు, అసలు రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, పదో రోజున మిల్లుకు వెళ్ళింది. అందరూ గుండె దిటవు చేసుకుందన్నారు. ఆమెకు మాత్రం లోపల ఏదో మొద్దుబారినట్టుండేది, ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలులాగా. గిల్లితే తెలుస్తుంది కానీ నొప్పి అనిపించదు. అన్నం తింటే ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పగలదు. బాగుందో లేదో చెప్పలేదు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు కొత్త డిజైను పూర్తి చేసి రంగుల మాస్టారు బల్ల మీద పెట్టింది. మిల్లులో రంగులు కలిపేది ఆయనే. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి ఆయన చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇది మనం మూడేళ్ళ కిందట వేసిందే కదా?"

"కాదే. నిన్న మొదలుపెట్టాను."

ఆయన వెళ్ళి, బీరువాలోంచి పాత కాగితం తెచ్చి పక్కన పరిచాడు. ఆకు వంపులు, రేకుల లెక్క, మొగ్గ మీది గీతలు కూడా అవే. తన బొమ్మనే తాను మళ్ళీ ఎత్తి గీసింది, ఆ సంగతి తనకే తెలియదు. ఎవరైనా సిగ్గుపడతారు, భయపడతారు. ఆమె రెండు కాగితాల్నీ చూసి, "అవును, అదే," అంది. ఆ గొంతు విని రంగుల మాస్టారు సరాసరి మేనేజరు గదిలోకి నడిచాడు.

మేనేజరు కేకలేసే మనిషి. ఆరోజు మాత్రం కేకలేయలేదు. "పదిరోజులు సెలవు తీసుకో అమ్మా. ఎప్పుడూ తిరుగుతావుగా, తిరిగి రా. కొత్త సీజన్‌కు నాలుగు డిజైన్లు కావాలి. ఖాళీ చేతుల్తో రావద్దు," అన్నాడు.

ఇంటికొచ్చి వదినతో చెబితే ఆవిడ కూరగాయలు తరుగుతున్న కత్తి ఆపలేదు. "ఎక్కడికి?"

"అన్నయ్య చూడాలని పోయినేడు రాసిపెట్టుకున్న ఊరుందిగా. కొండల మీద."

"ఒక్కదానివే వెళ్తావా?"

"మరి?"

కత్తి కాసేపు ఆగింది. "నేనూ వస్తాను."

"నీకు ఓపిక లేదుగా వదినా."

"ఇంట్లో కూర్చోవడానికి కూడా ఓపిక లేదే అమ్మాయ్. రెండింట్లో రావడమే నయం."

అలా ఇద్దరూ బయల్దేరారు. వదిన సగం పెట్టె మందులతో, సగం పెట్టె తువ్వాళ్ళతో నింపింది. రైలు కొండెక్కుతుంటే చెవులు మూసుకుపోయాయని గోల పెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా, "దీపాలు వెయ్యరేం, వీళ్ళ దుంప తెగ!" అంది. పువ్వులక్క ఒళ్ళో నోటుపుస్తకం తెరిచే ఉంది. పక్కన లోయ, లోయలో మంచు, మంచులోంచి పొడుచుకొచ్చిన చెట్ల కొనలు. అందంగా ఉన్నాయని ఆమెకు తెలుసు. అది మనసుకు తగలకుండా పక్కనుంచి పోతోంది, అంతే.

జలపాతం దగ్గర కూడా అంతే. గంటసేపు కూర్చుంది. నీళ్ళు పడుతున్నాయి. పుస్తకంలో ఒక నిలువు గీత గీసి, పక్కన మరొకటి గీసి, మూసేసింది. వదిన మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని రాళ్ళ మీద అటూ ఇటూ నడిచింది. "ఇదిగో అమ్మాయ్, ఈ నీళ్ళు పడేచోట తెల్లగా ఉన్నాయి, పక్కకొస్తే బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి, ఇంకా కిందకెళ్తే టీ రంగు! ఒకటే నీళ్ళు కదా, ఇన్ని వేషాలేమిటి?" అని అరిచింది. పువ్వులక్క తలూపింది.

మూడోరోజు సాయంత్రం ఊరి హాల్లో కచేరీ ఉంటే వెళ్ళారు. నలుగురు వాయిద్యగాళ్ళు. పువ్వులక్క వాళ్ళ వేళ్ళనూ బూట్లనూ చూస్తూ కూర్చుంది. ఒకడి బూటు లేసు ఊడి ఉంది. రాగం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో చప్పట్లను బట్టి తెలుసుకుంది. సగంలో వదిన లేచి బయటకు వెళ్ళిపోయింది. కచేరీ అయ్యాక చూస్తే మెట్ల మీద కూర్చుని ఉంది.

"తలనొప్పా వదినా?"

"ఆఁ. అదే అనుకో."

తిరుగు ప్రయాణం ముందురోజు చిత్రప్రదర్శన చూడటానికి పోయారు. పెద్ద తెల్లని గదులు, పెద్ద పెద్ద పటాలు. ఒక బూడిదరంగు పటం ముందు వదిన నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. "మన వంటింటి కప్పుకు పోయిన వానాకాలం పడ్డ చెమ్మ మరకలా లేదూ? తాపీమేస్త్రీని పిలవాల్సిన దాన్ని వీళ్ళు గోడకు తగిలించారు." పక్కనున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పువ్వులక్క పెదవి కొంచెం కదిలింది. అది నవ్వేనేమో, ఆమెకే సరిగ్గా తెలియలేదు.

చివరి గది పక్కన ఒక తలుపు తెరిచి ఉంది. లోపల సామాను గది. అప్పుడే లారీలోంచి దింపిన పటాలు దెబ్బతినకుండా పాత దుప్పట్లలో చుట్టి గోడకు ఆనించి పెట్టారు. దాటిపోబోతున్న వదిన ఠక్కున ఆగింది.

"అమ్మాయ్, ఇది మనదే!"

"ఏది?"

"ఆ పసుప్పచ్చది. నువ్వు చేసిందే. మన ఇంట్లో పదేళ్ళు పరిచాను, నాకు తెలీదా?"

లోపలున్న పనివాడు, "ఏమిటమ్మా?" అన్నాడు. "ఈ దుప్పటి గీసింది మా ఆడపడుచే బాబూ," అంది వదిన, గదిలోకి నడిచేస్తూ. అతను అనుమానంగానే పక్కకు జరిగాడు. దుప్పటి బాగా నలిగి ఉంది. పసుపు వెలిసి ఎముక రంగు తేలింది, ఎరుపు మాత్రం నిలిచింది. ఎరుపు నిలుస్తుందని రంగుల మాస్టారు అప్పుడే చెప్పాడు అనుకుంది పువ్వులక్క. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

వదిన గుడ్డ మీద వేలు పెట్టింది. ఒక పువ్వు, పక్కన ఒకటి, ఇంకొకటి, కొంచెం ఎడమిచ్చి మరొకటి. వేలితో తడుతూ పోయింది. టక్ టక్ టక్. టక్. టక్ టక్ టక్. టక్.

"ఇది మీ అన్నయ్య టీ కోసం చూస్తూ బల్ల మీద వేసే దరువు కదా?"

పువ్వులక్క ఉలిక్కిపడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిల్లులోనే కాదు, అన్నయ్యకు కూడా చెప్పలేదు. ఆ దరువు విని విని పువ్వుల మధ్య ఎడం అలా పెట్టుకుంది, తనకు మాత్రమే తెలిసిన చిన్న వేళాకోళంగా.

"నీకెలా తెలుసు?"

"రోజూ పక్క సర్దేది ఎవరు? అరచేత్తో ముడతలు తీస్తుంటే చేతికే తెలిసిపోయింది. మీరిద్దరూ ఏదో గూడుపుఠాణీ చేశారనుకున్నాను. అడిగితే వెక్కిరిస్తారని ఊరుకున్నాను."

ఇరవై రెండేళ్ళలో తన గీతను ఇలా చదివినవాళ్ళు లేరు. చదివింది రాళ్ళు చూడటానికి ఓపిక లేదన్న మనిషి. పువ్వులక్క వదిన ముఖంకేసి చూసింది. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ కూడా ఏడవగా తాను చూడలేదని అప్పుడే తట్టింది.

తిరుగు రైల్లో అడిగింది. "ఆరోజు కచేరీలో ఎందుకు లేచిపోయావు?"

"ఏమీ అనిపించలేదే. అందరూ తలలూపుతున్నారు, నేను గుంజలా కూర్చున్నాను. సిగ్గేసింది."

"నాకూ అంతే వదినా."

"తెలుసు. నీ పుస్తకం చూశాను. రెండు గీతలు."

పువ్వులక్క పెన్సిలు తీసి, "ఆ నీళ్ళ రంగుల గురించి ఏదో అన్నావు. మళ్ళీ చెప్పు," అంది.

వదిన చెప్పింది. బియ్యం కడిగిన నీళ్ళు, టీ రంగు, మధ్యలో రాళ్ళ నలుపు. అడిగిందాన్నీ అడగనిదాన్నీ కలిపి మూడు స్టేషన్ల దూరం చెప్పింది. పువ్వులక్క గీసింది. చెయ్యి నడిచింది కానీ మనసు కదల్లేదు. వదిన చెప్పినచోట గీత పడింది, చెప్పనిచోట ఖాళీ ఉంచింది.

మిల్లుకు నాలుగు డిజైన్లు ఇచ్చింది. నాలుగింట్లోనూ పువ్వు లేదు. మేనేజరు నొసలు చిట్లించి, "పువ్వులక్క దగ్గర పువ్వులేవమ్మా?" అన్నాడు. చివరికి మూడు తీసుకుని ఒకటి పక్కన పెట్టాడు. నీళ్ళ చారల దుప్పటి బ్రహ్మాండంగా అమ్ముడుపోలేదు, మిగిలిపోనూలేదు.

అంతకు ముందు, దాన్ని తొలిసారి అచ్చు వేసిన రోజున వదిన మొదటిసారి మిల్లుకు వచ్చింది. యంత్రం మీంచి గుడ్డ తడితడిగా జారుతుంటే పొడుగాటి బల్ల పక్కనే నడుస్తూ చూసింది. "టీలో పాలెక్కువయ్యాయి," అంది. రంగుల మాస్టారు ముందు గుర్రుగా చూశాడు, తర్వాత వంగి తనూ చూశాడు, తర్వాత యంత్రం ఆపమని చెయ్యెత్తాడు. ఇద్దరూ రంగు డబ్బాల దగ్గరకు వెళ్ళి వాదించుకోసాగారు.

పువ్వులక్క బల్ల దగ్గరే నిలబడి ఉంది. ఆగిన తడి గుడ్డ బల్లకు అంటుకుని రంగు చెదరకుండా అంచు ఎత్తి పట్టుకుంది. వాళ్ళు తిరిగొచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంది.