లైలాక్ పొదకూ పునుగుపిల్లికీ పందెం

1983 మే నెల, రెండో శనివారం, సాయంత్రం సరిగ్గా ఆరున్నర. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా ఆడపడుచు సరోజ వదిన పెరట్లో నా పరువు, కొత్త నైలెక్స్ చీర ఒకేసారి పోయాయి. ముందే ఓ గుక్క నీళ్లు తాగి చదవండి, పొలమారితే నాకు సంబంధం లేదు.

అప్పట్లో నేనూ మా ఆయనా వదిన వాళ్లింట్లోనే ఉండేవాళ్లం. ఇంటెడు గిన్నెలూ నేనే తోమాలి. వదినకేమో పెరట్లోని లైలాక్ పొదంటే పిచ్చి. అది పూస్తే తనే పూసినట్టు పొంగిపోయేది.

“ఇట్లాంటి వాసన మీ తిరుపతి వైపు ఉందా, రవణమ్మా?” అంది ఆ సాయంత్రం.

అంతలో పొద కిందనుంచి నల్లటి పిల్లిలాంటిది బయటికొచ్చింది. వీపు మీద తెల్లటి నామం. నామం కనబడ్డాక ఇంకా అనుమానమేమిటి?

“పునుగుపిల్లి వదినా. దీని తైలమే మా స్వామికి పూస్తారు. నీ పొదది నాలుగు రోజుల ముచ్చట. ఇది ఏడాదంతా ఊరుతుంది. నీ పూల దగ్గరికి మనం పోయి వాసన చూడాల, దీని వాసన మన దగ్గరికే వస్తుంది.”

“నువ్వెప్పుడన్నా చూశావా పునుగుపిల్లిని?”

“చూసేదేముంది, విన్నాను గదా.”

“అది నా లైలాక్‌ని మించితే ఇకమీద గిన్నెలు నేనే తోముతా, పో.”

“ఓడితే?”

“నువ్వే తోముతావు. కాకపోతే సణక్కుండా.”

పునుగుపిల్లి గంధపు కర్రకు ఒళ్లు రుద్దుకుంటుందని మా అమ్మ చెప్పేది. గంధపు కర్ర ఎక్కడినుంచి తేను? అప్పడాల కర్ర పట్టుకెళ్లాను. అది ముందుకాళ్లతో నేలను టపటపా కొట్టింది. మర్యాద చేస్తోందనుకున్నాను. వెనక్కి తిరిగి తోకెత్తింది. తైలం ఇవ్వబోతోందని కొంగు చాపాను.

ఇచ్చింది.

కుళ్లిన గుడ్లూ, కాలిన టైరూ, ఇంగువా కలిపి రోట్లో దంచితే ఎలా ఉంటుందో అలా ఉంది. వదిన ఒక్క దూకులో ఇంట్లో పడింది. ఆమె భర్త, నేను అన్నయ్య అని పిలిచే పెద్దమనిషి, తలుపు మూసేశాడు.

“అది స్కంక్ అమ్మా, బెదిరితే కంపు చిమ్మే జంతువు. లోపలికి రావద్దు, డోర్ లాక్ చేశాను,” అన్నాడు కిటికీ అద్దం వెనకనుంచి.

మా ఆయన మొక్కలకు నీళ్లు పట్టే గొట్టం తెచ్చాడు. దగ్గరికి మాత్రం రాలేదు. ఆ కంపు పోతుందని డబ్బాల్లో టమాటా రసం కిటికీలోంచి అందించారు, అదీ నెత్తిన పోసుకున్నాను. చారులో వేసిన వడలా నిలబడి అడిగాను.

“వదినా, ఇప్పుడు చెప్పు. నీ లైలాక్ వాసన వస్తా ఉందా?”

వదిన కిటికీ వేలెడు తెరిచి, టక్కున మూసేసింది.

“ఏ లైలాకు?” అంది, ఏడుపు గొంతుతో.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను మళ్లీ గిన్నె ముట్టలేదు. తర్వాతెప్పుడో చదవడం నేర్చుకుని, జంతువుల పుస్తకంలో పునుగుపిల్లిని చూశాను. దానికి మచ్చలున్నాయి, నామం లేదు. ఇందుమూలంగా ఒట్టేసి చెబుతున్నాను, నాకు వీపు చూపించిన ఏ జీవి ముందూ ఈ జన్మలో మళ్లీ కొంగు చాపను.

ఆనాడు అక్కడున్నవాళ్లు: సరోజ వదిన, తలుపేసుకున్న అన్నయ్య, గొట్టం పట్టుకున్న మా ఆయన, నేను, ఓడిపోయిన లైలాక్ పొద, నన్ను గెలిపించి తీరిగ్గా నడిచి వెళ్లిపోయిన స్కంక్.