మల్సూర్ బదులు మైసమ్మ చెప్పిన జవాబులు

హైదరాబాదు డాక్టర్లు మల్సూర్ మీద కొత్త మందు ఎక్కించి చూశారని, అది పడకనే ఆ మనిషి రక్తం కడిగే మిషన్‌కు పోవడం మానేశాడని పొద్దున నల్లా దగ్గర పుట్టిన మాట అన్నం వేళకల్లా వాడకట్టంతా తిరిగింది. పొద్దుగూకేసరికి దానికి తోక మొలిచింది. ఉన్న ఒక్క మంచి కిడ్నీని కూడా కోసుకుపోయారట! కోసుకుపోవడానికి మంచి కిడ్నీ ఒకటి ఉంటే ఆ మనిషి వారం వారం మిషన్ పక్కన ఎందుకు పడుకుంటాడని ఒక్కరికీ తోచలేదు. ఏ మందూ ఎక్కించలేదు. కోత అసలే లేదు. దీప అని ఒక పిల్ల కోదాడ నుంచి బస్సులో వచ్చేది, కూర్చునేది, అడిగేది. అంతే. ఏం జరిగినా ఆ అడగడం దగ్గరే జరిగింది.

మల్సూర్‌ది మోతె. చిన్నప్పటి నుంచీ గొర్ల వెంట తిరిగిన మనిషి. రెండు కిడ్నీలూ పూర్తిగా చెడిపోయాయని తేలాక మందను తమ్ముడికి అప్పజెప్పి, పెళ్ళాం మైసమ్మతో సూర్యాపేటకు వచ్చి మా వాడకట్టులో రేకుల ఇంట్లో కిరాయికి దిగాడు. కొడుకు భాస్కర్‌ది ఆటో. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే తండ్రిని దవాఖానలో దింపుతాడు. అక్కడ ఒంట్లో రక్తమంతా గొట్టాల గుండా మిషన్‌లోకి పోయి, శుభ్రమై మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. ఇంటికి వచ్చేసరికి మల్సూర్ పిండి ఆరేసిన తువ్వాలలా ఉంటాడు. ఆ పూట మాట ఉండదు, తిండి ఉండదు. మర్నాడు గోడ పట్టుకుని లేచి గడప దాకా వస్తాడు. ఆ తర్వాతి రోజుకు కాస్త మనిషవుతాడు, ఎదురింటి వాళ్ళను పలకరిస్తాడు. అంతలోనే మళ్ళీ సూదుల రోజు వచ్చేస్తుంది.

అతని అలసట అందరికీ కనిపించేది. మైసమ్మ అలసటను ఎవరూ చూడలేదు. నీళ్ళు ఎక్కువ తాగకూడదు గనక చెంబు దాచిపెట్టేది, గుటకలు లెక్కబెట్టేది, దప్పికని అడిగితే తల తిప్పుకునేది. ఉప్పు లేని కూర వండి, ఆయన ముందు కారం మెతుకులు తినబుద్ధి కాక తనూ అదే తినేది. ఏడాది తిరగకముందే ఆమె జాకెట్లన్నీ వదులైపోయాయి.

దసరా పోయాక దవాఖానలో పెద్ద డాక్టరు రోగులను, వాళ్ళ ఇంటివాళ్ళను కూర్చోబెట్టి విషయం చెప్పాడు. హైదరాబాదు డాక్టర్లు ఒక పరిశోధన చేస్తున్నారు. కొందరికి వైద్యం ఎప్పటిలాగే నడుస్తుంది. ఇంకొందరికి దానితో పాటు ఇంటికి ఒక మనిషి వస్తుంది. దురదలు, నొప్పులు, నిద్ర, దిగులు ఏముంటే అది అడిగి తెలుసుకుని డాక్టర్లకు చెప్పి కుదిరినంత సాయం చేయిస్తుంది. రోగి మనసులో ఏముందో కూడా అడుగుతుంది. చివరికి ఎవరు మెరుగ్గా ఉన్నారో పోల్చి చూస్తారు. ఎవరు ఏ వైపో చీటీ తీసినట్టు కంప్యూటరే తీస్తుంది. ఇష్టం ఉంటేనే చేరండి, వద్దంటే మీ మిషన్ మీకుంటుంది అని కూడా చెప్పాడు. మల్సూర్ సరేనన్నాడు. ఇంటికి మనిషి వచ్చే వైపు అతని పేరు పడింది.

డాక్టరు అంత విడమర్చి చెప్పినా మైసమ్మ చెవిలో నిలిచినవి రెండే మాటలు. ఇంటికి వస్తారు, అడుగుతారు. సంచీ, పెన్నూ పట్టుకుని ఇంటికొచ్చి అడిగేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. పింఛను వాళ్ళు, రేషన్ కార్డు వాళ్ళు, సర్కారు ఇళ్ళ లిస్టు వాళ్ళు. మోతెలో ఒకసారి పింఛను ఎంక్వైరీకి వస్తున్నారంటే, పొలం గట్టు మీద గడ్డి కోస్తున్న అత్తను పరుగున పిలుచుకొచ్చి మంచంలో పడుకోబెట్టి దుప్పటి కప్పింది ఈమే. పేరు నిలబడే జవాబు చెప్పాలి, పేరు కొట్టేసే జవాబు చెప్పకూడదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతే. మరి మిషన్ దగ్గర పేరు నిలబడాలంటే ఏం చెప్పాలి? బయట బెంచీ మీద ఎంతమంది పడిగాపులు పడుతున్నారో ఆమె పోయినప్పుడల్లా చూస్తూనే ఉంది. ఈ ముసలాయనకు బాగలేదంటే, ఇక ఈయనకెందుకులే, ఆ పడక వయసు పిల్లగాడికి ఇద్దామంటారు. కాబట్టి జవాబు ఒక్కటే. బాగున్నాడు.

దీప మొదటిసారి వచ్చిన రోజు మైసమ్మ కుర్చీ తుడిచి వేసింది, చాయ్ పెట్టింది, తను మాత్రం మొగుడి ముందు అడ్డంగా కూర్చుంది.

"పెద్దయ్యా, ఒంటికి దురద ఏమన్నా ఉందాండీ?" అని దీప అడిగింది.

మల్సూర్ నోరు తెరిచేలోపే మైసమ్మ అందుకుంది. "దురద ఎందుకుంటది బిడ్డా? రోజూ నేనే వీపు రుద్ది తానం పోస్త."

"నిద్ర పడుతుందా?"

"గుర్రు పెడితే రేకులు లేస్తయ్."

"మిషన్ మీద ఉన్నప్పుడు పిక్కలు పట్టేయడం అదీ..."

"గొర్ల ఎంట తిరిగిన కాళ్ళు. ఇనుము!"

దీపకు నవ్వొచ్చింది. "మీరు కాదమ్మా, పెద్దయ్యను చెప్పనివ్వండి."

"ఆయనకేమెరుక? పెండ్లైన కాడి సంది ఆయనకు ఆకలైందో కాలేదో నేనే జెప్తున్న."

మల్సూర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వీపును దర్వాజాకేసి అటూ ఇటూ రాస్తున్నాడు. దీప చూసింది. "గొర్లోళ్ళకు గదో అలవాటు" అని మైసమ్మ చాయ్ గ్లాసు ఆ పిల్ల చేతిలో పెట్టింది.

దీప సందు మలుపు తిరగ్గానే మల్సూర్ అడిగాడు. "దురద లేదంటివేందే? రాత్రంతా గీరింది నువ్వే గదా?"

"ఉన్నదంటే పేరు కొట్టేస్తరు. ఆ పిల్ల అడిగినప్పుడల్లా బాగున్న అను. నీ సొమ్మేం బోతది?"

అప్పటినుంచి దీప వచ్చినప్పుడల్లా మల్సూర్ కూడా బాగున్న అనే చెప్పాడు. చలికాలమంతా అదే మాట. దురదకు చర్మం లేచిపోయింది, దర్వాజాకు వేసిన నీలం రంగు అతని వీపు తగిలేచోట అరిగి లోపలి కర్ర కనిపించింది. మిషన్ మీద పిక్కలు పట్టేస్తే పళ్ళు కొరుక్కుని పడుకునేవాడు. అక్కడి నర్సుకూ ఆ మాట చెప్పలేదు. నర్సు ద్వారా దీపకు తెలుస్తుందని మైసమ్మ ముందే కట్టడి చేసింది మరి.

పెద్దగట్టు జాతర అయిపోయి ఎండలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం భాస్కర్ ఆటో తెచ్చి హారన్ కొట్టాడు. మల్సూర్ లేవలేదు.

"ఇయ్యాల రాను" అని గోడ వైపు తిరిగాడు.

మంగళవారం కూడా అంతే. మైసమ్మ తిట్టింది, ఏడ్చింది. "నాయినా, నీకు దండం పెడ్త, లే" అని భాస్కర్ చేతులు జోడించాడు. పక్కింటి లచ్చమ్మ వచ్చి "పిల్లల మొఖమన్న సూడు అన్నా" అని నీతులు చెప్పి పోయింది. పోవాలి అని అందరూ చెప్పారు. ఎందుకు పోవట్లేదని ఒక్కరూ అడగలేదు. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు.

మర్నాడు నల్లా దగ్గర లచ్చమ్మ ఊరుకోలేదు. "ఏమైంది వదినా, అన్న ఎందుకు పోతలేడు?" అని బిందె అడ్డం పెట్టి మరీ నిలదీసింది. మొగుడు మొండికేశాడని చెప్పుకోవడానికి మైసమ్మకు నామోషీ. "ఏమో, ఆ హైదరాబాదోళ్ళ యవ్వారం అయినకాడి సంది గిట్లనే ఉన్నడు" అనేసి బిందె ఎత్తుకుంది. ఇంతా చేసి ఆ పుకారుకు విత్తనం అదే. మిగతా పెంపకమంతా మా వాడకట్టుది.

రెండుసార్లు మిషన్‌కు రాలేదని దవాఖానలో తెలిసి, గురువారం దీప పరుగున వచ్చింది. సందు మొదట్లోనే లచ్చమ్మ ఆపింది. "ఏం సూదేసినవ్ పిల్లా మా అన్నకు?" ఆ పిల్ల ఆమెను తప్పించుకుని లోపలికి వచ్చింది. మల్సూర్ కాళ్ళు చూసింది, వేలితో నొక్కితే గుంట అలాగే నిలబడింది. లేచి దర్వాజా మీద అరిగిన రంగును చేత్తో తడిమింది. మైసమ్మను బయటికి పిలిచింది.

"ఈ దురద ఎప్పటి నుంచమ్మా?"

మైసమ్మకు ఇక అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. "మొదటి సంది ఉన్నది బిడ్డా. బాగలేదంటే మిషన్ కాడ పేరు కొట్టేస్తరని జెప్పలే."

దీప మెట్టు మీద కూలబడింది. "అమ్మా, నేను వచ్చేదే బాగోలేదని చెబితే వినడానికి. దురదకు మందుంది. పిక్కలు పడుతుంటే మిషన్ మెల్లగా నడుపుతారు. బాగున్నాడంటే నేనేం చేయను, రాసుకుని వెళ్ళిపోయాను. పేరు ఎవరూ కొట్టేయరు."

"మరి ఇగ మిషనే వద్దంటే?"

"అదీ వింటాం. మానేస్తే ఎక్కువ రోజులు ఉండరని దాచకుండా చెప్తాం. ఆయాసం తెలియకుండా చూసుకుంటాం. కానీ ఆయన నోటితో చెప్పాలి. అదీ ఇవాళే తేలాలి, ఇంకా ఆగితే చెప్పే ఓపిక కూడా ఉండదు."

"నువ్వే అడుగు బిడ్డా."

"నేను ఎన్నిసార్లు అడగలేదమ్మా? జవాబు మీరేగా చెప్పారు."

మైసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లోపలికి నాలుగు అడుగులు లేవు, అయినా అక్కడే నిలబడింది. వద్దంటాడేమోనని భయం. ఆ భయం అడుగున ఇంకొకటుంది. వద్దంటే, ఇక చెంబు దాచక్కర్లేదు, గుటకలు లెక్కబెట్టక్కర్లేదు, ఒక రోజు తెల్లారేదాకా పడుకోవచ్చు. ఆ ఆలోచన తనదే. ఎవరైనా చూశారేమోనని మైసమ్మ వెనక్కి చూసింది. తర్వాత లోపలికి పోయి మొగుడి ఎదురుగా కింద కూర్చుంది.

"ఏమయ్యా, మిషన్‌కు పోతవా, ఇగ వద్దా? నేను ఏం జెప్ప. నువ్వే జెప్పు."

మల్సూర్ ఆమె మొహంలోకి చూశాడు. ఎప్పటిలాగే ఇప్పుడు ఆమే అందుకుంటుందని ఆగాడు. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊపిరి కూడదీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఎండలు పోయేదాక పోత. వానలు పడ్డంక మల్లొకపారి అడుగు, నన్నే అడుగు. అప్పుడు సాలన్ననుకో, కొట్లాడకు."